పరి వెబ్‌సైట్: నెలకి రెండొందలు ఇవ్వడానికి నాకు దొరికిన కారణం

మాది చీమకుర్తి పక్కన. పొద్దున దండెం మీద ఆరేసిన చీరని మధ్యాహ్నం దులిపితే తెల్లటి పొడి లేస్తుంది, గ్రానైట్ క్వారీల దుమ్ము. దీని గురించి రాయండన్నా అని తెలిసిన విలేకరిని అడిగితే, మా పేపర్‌కి యాడ్స్ ఇచ్చేది ఆ క్వారీల వాళ్లేనమ్మా అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను, పిల్లల ఫీజులున్నాయి కదా.

ఆ తర్వాతే పరి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) చదవడం మొదలుపెట్టాను. 2014లో జర్నలిస్టు పి.సాయినాథ్ మొదలుపెట్టిన సైటు ఇది, పల్లెల బతుకుల మీద ఓపిగ్గా తిరిగి రాస్తారు, తెలుగులోనూ ఉంటుంది, చదవడానికి పైసా కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు. నడిచేది విరాళాలు, గ్రాంట్ల (ఫౌండేషన్లలాంటివి ఇచ్చే ఆర్థిక సాయం) మీదే.

గ్రాంటు అంటే చిన్న విషయం కాదు. అమెరికాలో ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ శాండ్లర్ ఫౌండేషన్ డబ్బుతో 2008లో వార్తలివ్వడం మొదలుపెట్టి 2010లోనే పులిట్జర్ జర్నలిజం అవార్డు గెలిచింది. మన దగ్గర బెంగళూరులోని ఐపీఎస్‌ఎంఎఫ్ (ఇండిపెండెంట్ అండ్ పబ్లిక్ స్పిరిటెడ్ మీడియా ఫౌండేషన్) ఇలాంటి మీడియాకి గ్రాంట్లు ఇస్తుంది. ఒక కథనం కోసం నెలల తరబడి తిరిగే మనిషికి జీతం, బస్సు ఛార్జీలు, కేసు పడితే లాయరు ఖర్చు, ఇవన్నీ ఎవరో ఒకరు భరించాలి. కానీ మొత్తం ఒక్క పెద్ద దాత మీదే ఆధారపడితే, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్న రోజు ఆఫీసుకి తాళమే, అందుకే మనలాంటి వాళ్లు వందా రెండొందలు ఇవ్వడం కూడా చాలా ముఖ్యం అంటాను.

నా రేటింగ్ ఐదుకి ఐదు. ఒంగోలు బస్సులో కూర్చుని ఫోన్‌లో ఒక్క కథనం చదివి చూడండి.