కేఈవీ జాబితా: ముందు ఏ ప్యాచ్ వేయాలో తేల్చే ఉచిత సేవ

సర్వర్లు, ఫైర్‌వాల్‌లు చూసుకోవడం నా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపాలు వెతికే స్కానర్ రిపోర్టు తెరిచానంటే టెన్షన్ మొదలవుతుంది. వందల కొద్దీ లోపాలు, అన్నీ అర్జెంటే అన్నట్టు ఎర్ర రంగులో ఉంటాయి. వాటిలో దేనికి ముందు ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయాలో తేల్చుకోవడానికి నేను నమ్ముకున్నది అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా నడిపే కేఈవీ జాబితా, అంటే దాడుల్లో ఇప్పటికే వాడిన లోపాల జాబితా. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ఏ దేశం వాళ్లయినా వాడుకోవచ్చు.

2021 నవంబరులో మొదలైన ఈ జాబితాలోకి ఒక లోపం ఎక్కాలంటే దానికి సీవీఈ నంబరు (ప్రతి లోపాన్నీ గుర్తుపట్టేందుకు ఇచ్చే నంబరు) ఉండాలి, సరిచేసే దారి ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా దాన్ని వాడి ఎవరో నిజంగా దాడి చేస్తున్నట్టు నమ్మదగ్గ ఆధారం ఉండాలి. నాకు పనికొచ్చేది ఈ చివరి షరతే. తీవ్రత స్కోరు పదికి 9 దాటినా ఎవరూ ముట్టుకోని లోపాలు బోలెడు. స్కోరు తక్కువని మనం పక్కన పెట్టినవాటిలోంచే దూరిపోయేవాళ్లూ ఉన్నారు.

ప్రతి ఎంట్రీకీ ఒక గడువు తేదీ ఉంటుంది. అమెరికా పౌర ప్రభుత్వ శాఖలు దాన్ని పాటించి తీరాలి, మిగతావాళ్లకు అది సలహా. లాగ్4జే అనే సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లాగ్4షెల్ లోపం 2021 డిసెంబరు 10న చేరితే 24 కల్లా సరిచేయమన్నారు. 2025 జులైలో సిట్రిక్స్ కంపెనీ నెట్‌వర్క్ పరికరం నెట్‌స్కేలర్‌లోని ఒక లోపానికైతే ఒక్క రోజే ఇచ్చారు. పక్కనే ‘చేయాల్సిన పని’ అనే కాలమ్. తయారీదారు చెప్పినట్టు సరిచేయండి, అది కుదరకపోతే ఆ ఉత్పత్తిని వాడటం ఆపేయండి అని చాలా ఎంట్రీల్లో ఉంటుంది. "ప్యాచ్ వేయడానికి వీపీఎన్ ఇప్పుడే ఆపాలా? వారాంతం దాకా ఆగలేమా?" అని మేనేజర్ అడిగినప్పుడు నేను స్క్రీన్ మీద ఆ వరుస చూపిస్తాను. చర్చ అక్కడితో తెగిపోతుంది.

దేశ రక్షణలో ఇలాంటి జాబితాకు ఇంత విలువ ఎందుకో 2017 చూపించింది. విండోస్‌లోని ఒక లోపానికి మార్చి 14నే ప్యాచ్ వచ్చింది. మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ఆ లోపంలోంచే వచ్చి బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దు చేయించింది. అది ఉత్తర కొరియా పనేనని అమెరికా, బ్రిటన్ తర్వాత ప్రకటించాయి. జూన్‌లో నాట్‌పెట్యా అనే మరో వైరస్ కూడా అదే లోపాన్ని వాడుకుంది. మందు చేతిలో ఉండగా జరిగిన నష్టం అది. ఏ ప్రభుత్వమూ ప్రతి కంపెనీ సర్వర్ రూమ్‌లోకి వచ్చి ప్యాచ్ వేయలేదు. శత్రువు ఇప్పుడు ఏ దారిన వస్తున్నాడో మాత్రం అందరికీ చెప్పగలదు. ఆ పని ఇది బాగా చేస్తోంది.

లోటు లేకపోలేదు. 2023లో ఆ లోపాన్ని రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే) దాడుల్లో వాడారా అని చెప్పే కాలమ్ చేర్చారు, మంచిదే. కానీ అందులో ‘తెలియదు’ అని ఉంటే చాలామంది ‘ప్రమాదం లేదు’ అని చదువుకుంటున్నారు. విదేశీ గూఢచారులు డబ్బు అడగరు, చప్పుడు చేయరు. చైనా ప్రభుత్వ అండ ఉందని అమెరికా చెబుతున్న వోల్ట్ టైఫూన్ ముఠా కొన్ని సంస్థల్లో కనీసం ఐదేళ్లు తిష్ఠ వేసిందని 2024 ఫిబ్రవరిలో సిసాయే చెప్పింది. వాళ్లు ఒకసారి లోపలికొచ్చాక అసలు ఉద్యోగుల పాస్‌వర్డులతో, సిస్టమ్‌లో ఉన్న టూల్స్‌తోనే తిరుగుతారు. అప్పుడు ప్యాచ్ వేసినా ఉన్నవాళ్లు బయటికి పోరు. ఈ సంగతి జాబితాలోని చాలా ఎంట్రీల్లో కనబడదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. ప్రభుత్వాల అండ ఉన్న ముఠాలు వాడిన లోపాలకు కూడా ఒక కాలమ్ కావాలి. అది వచ్చేదాకా ఫైర్‌వాల్, వీపీఎన్, రూటర్ లాంటి వాటి ఎంట్రీ కనబడితే ప్యాచ్‌తో సరిపెట్టకుండా పాత లాగ్‌లు (ఎవరెప్పుడు లోపలికొచ్చారో నమోదయ్యే రికార్డులు) వెతకడం, అడ్మిన్ పాస్‌వర్డులన్నీ మార్చడం కూడా చేస్తున్నాను.