లోక్ అదాలత్‌లో రాజీనా, ప్లీ బార్గెయినింగా?

చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో చిన్న చిన్న క్రిమినల్ కేసులు ఏళ్ల తరబడి వాయిదాల మీద నడస్తా ఉంటాయి కదా, వాటిని తొందరగా తేల్చేదానికి రెండు దార్లు ఉండాయి: ఒకటి లోక్ అదాలత్‌లో రాజీ, ఇంకోటి ప్లీ బార్గెయినింగ్, అంటే తప్పు ఒప్పుకుని తక్కువ శిక్షకి మాట్లాడుకోవడం. జనం రెండూ ఒకటే అనుకుంటారు గానీ కానే కాదు.

గట్టు తగాదాలో కొట్టుకున్నారు అనుకోండి, మామూలు దెబ్బలే, అట్లాంటిది లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు. దెబ్బ తిన్నోడు ఒప్పుకుంటే చాలు, నిర్దోషిగా వదిలేసినట్టే లెక్క, మళ్లా అప్పీలు కూడా ఉండదు. పాస్‌పోర్టుకో గవర్నమెంటు ఉద్యోగానికో ఎదురుచూసే పిల్లోళ్లకి ఇదే మేలు. కాకపోతే ఊళ్లో పెద్దమనుషులు బలవంతంగా సంతకం పెట్టిస్తారే, అది నాకు నచ్చదు.

అదే చిత్తూరు రోడ్డులో బండి గుద్ది మనిషి పోయినాడంటే? నిర్లక్ష్యంతో చావుకి కారణమైన కేసు, రాజీకి కుదరదు, అప్పుడే ప్లీ బార్గెయినింగ్. 2006 నుంచే ఉండాది గానీ అడిగేవాళ్లే తక్కువ. ఏడేళ్లలోపు శిక్ష ఉండే నేరాలకే, ఆడవాళ్ల మీద, పిల్లల మీద చేసినవాటికి లేదు. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం చార్జి ఫ్రేమ్ (అంటే కోర్టు నేరారోపణ ఖాయం చేయడం) అయిన 30 రోజుల్లోపే అప్లికేషన్ పెట్టాల. జడ్జి విడిగా పిలిచి నీ ఇష్టంతోనేనా అని అడుగుతాడు, బాధితులకి పరిహారం వస్తుంది, మొదటిసారి తప్పు చేసినోడికి శిక్ష ఆరో వంతుకి దిగొచ్చు, కానీ దోషి అనే ముద్ర మాత్రం పోదు.

అందుకే రాజీకి వీలుండే కేసైతే నేను లోక్ అదాలత్ వైపే, లేకుంటే ఆ 30 రోజులు దాటకముందే లాయర్ని గట్టిగా అడగండి.