మిగిలిన పిండాలా, పరిశోధన కోసమే సృష్టించినవా: ఏది మేలు?

పిండాల మీద జన్యు సవరణ ప్రయోగాల గురించి రాసిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: పరిశోధన సరే, ఆ పిండాలు ఎక్కడి నుంచి రావాలి? ఐవీఎఫ్ చికిత్సలో మిగిలిపోయి దంపతులు దానం చేసినవా, లేక దాతల అండాలనూ వీర్యకణాలనూ కలిపి ప్రయోగశాలలో కొత్తగా సృష్టించినవా? సవరించిన పిండంతో బిడ్డను కనడం ఇక్కడి చర్చ కాదు. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త ఆ పని చేశానని ప్రకటించినప్పుడు శాస్త్రలోకం దాదాపు ముక్తకంఠంతో ఖండించింది. మరుసటి ఏడాది చివర అక్కడి కోర్టు ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. ప్రయోగశాల గడప దాటని పిండాల సంగతే చూద్దాం.

చట్టాలు ఈ రెండింటినీ ఎప్పుడో విడదీశాయి. జీవవైద్యంలో మానవ హక్కులపై యూరప్ దేశాలు చేసుకున్న 1997 నాటి ఒవియెడో ఒప్పందం పరిశోధన కోసం పిండాలను సృష్టించడాన్ని నిషేధిస్తుంది. మిగిలిన పిండాల మీద పరిశోధనను అనుమతించాలా అన్నది ఆయా దేశాల చట్టాలకు వదిలేసింది. ఆ ఒప్పందంలో చేరని బ్రిటన్‌లో 1990 చట్టం కింద లైసెన్సు తీసుకుంటే రెండూ చేయవచ్చు. నిషేధం వెనుక వాదన తెలిసిందే. మిగిలిన పిండం ఒక బిడ్డ కోసం ఏర్పడింది, ఎలాగూ పారవేయవలసినదే. సృష్టించిన పిండం మాత్రం పుట్టుకతోనే పనిముట్టు.

ఈ వాదన నన్ను పెద్దగా ఒప్పించలేదు. పరిశోధనలో పిండాన్ని పెంచడానికి సాధారణంగా పెట్టే గడువు పద్నాలుగు రోజులు; ఆలోపు రెండింటి గతీ ఒకటే. పిండానికి మనిషితో సమానమైన విలువ ఉందని నమ్మేవారు మిగిలిన పిండాన్నీ ముట్టుకోకూడదు. అంత విలువ లేదనుకునేవారికి అది ఏ ఉద్దేశంతో ఏర్పడిందన్నది పెద్ద అడ్డంకి కాకూడదు. పిండం వైపు మాత్రమే చూస్తే త్రాసు ఎటూ గట్టిగా మొగ్గదు.

శాస్త్రం వైపు నుంచి చూస్తే సృష్టించిన పిండాలదే పైచేయి, అది ఒప్పుకోవాలి. జన్యువులను కత్తిరించి మార్చే సాధనమైన క్రిస్పర్‌ను పిండంలోకి ఆలస్యంగా పంపితే కొన్ని కణాలు మారి కొన్ని మారకుండా మిగిలిపోతాయి. ఇదే మొజాయిక్ సమస్య. 2017లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షౌఖ్రత్ మితాలిపోవ్ బృందం గుండె కండరాన్ని మందంగా చేసే ఒక జన్యులోపం మీద పనిచేసింది. ఫలదీకరణ తర్వాత క్రిస్పర్‌ను ఎక్కించిన 54 పిండాల్లో 13 మొజాయిక్ అయ్యాయి. వీర్యకణంతో పాటే అండంలోకి పంపినప్పుడు 58లో ఒక్కటే అయింది. ఆ లోపం నిజంగా సరిదిద్దబడిందా అన్న దానిపై తర్వాత గట్టి వివాదమే నడిచింది గానీ, ఆ ప్రయోగానికి తాజా అండాలు కావాలన్నది మాత్రం నిజం. మిగిలిన పిండాల్లో ఫలదీకరణ అప్పటికే ముగిసి ఉంటుంది. జన్యు పరీక్షలో జబ్బు ఉందని తేలి పక్కన పెట్టినవి పనికొస్తాయి కదా అని కొందరు అడిగారు. అవి సాధారణంగా ఐదారు రోజుల వయసువి, అప్పటికే వందకు పైగా కణాలుంటాయి. సవరణ నేర్చుకోవడానికి ఆ దశ మరీ ఆలస్యం.

అయినా నేను మిగిలిన పిండాల వైపే ఉన్నాను. కారణం అండం ఇచ్చే స్త్రీ. పిండం హోదా గురించి పేజీలకు పేజీలు రాసేవారు ఆమె గురించి ఒక వాక్యంతో సరిపెడతారు. అండాలు ఇవ్వడమంటే చాలా రోజులపాటు హార్మోన్ ఇంజెక్షన్లు, స్కానింగులు, చివర మత్తు ఇచ్చి సూదితో అండాలు తీయడం. కొందరిలో అండాశయాలు అతిగా స్పందించి పొట్టలో నీరు చేరుతుంది, అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. ఐవీఎఫ్ చేయించుకునే స్త్రీ కూడా ఈ ప్రమాదాన్ని మోస్తుంది, కానీ తన బిడ్డ కోసం. పరిశోధనకు ఇచ్చే స్త్రీకి దక్కేది డబ్బు, లేదా మంచి పని చేశానన్న తృప్తి.

డబ్బు వచ్చిన చోట పేదరికం కూడా వస్తుంది. 2009లో న్యూయార్క్ రాష్ట్రం పరిశోధనకు అండాలిచ్చే వారికి పది వేల డాలర్ల వరకు చెల్లించడానికి ప్రభుత్వ నిధులను అనుమతించింది. అంత మొత్తం ముందు పెట్టాక సమ్మతి పత్రం మీద సంతకం ఎంత స్వేచ్ఛగా పెట్టినట్టు? బ్రిటన్‌లో న్యూకాజిల్ పరిశోధకులు మరో దారి పట్టారు: సగం అండాలు పరిశోధనకిస్తే ఐవీఎఫ్ ఖర్చులో రాయితీ. తనకు గర్భం రావడానికి కావలసిన అండాలనే ఆమె అందులో వదులుకుంటోంది. అన్నిటికన్నా చేదు ఉదాహరణ దక్షిణ కొరియాది. అక్కడి శాస్త్రవేత్త హ్వాంగ్ వూ-సుక్ క్లోనింగ్ ప్రయోగాలకు రెండు వేలకు పైగా అండాలు వాడారు. కొందరు దాతలకు డబ్బు ముట్టింది. ఆయన ప్రయోగశాలలో పనిచేసే యువ పరిశోధకురాళ్లు కూడా అండాలిచ్చారని 2005లో ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. చివరికి ఆ ఫలితాలే కల్పితమని తేలింది. ఇన్ని శరీరాలను సూదులతో పొడిచి లోకానికి మిగిల్చినది ఏమీ లేదు.

మిగిలిన పిండాలతో ఏమీ తేలదనుకోవడమూ పొరపాటే. 2016లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధకురాలు కాథీ నియాకన్‌కు పిండాల్లో జన్యు సవరణకు లైసెన్సు వచ్చింది. దంపతులు దానం చేసిన పిండాల్లో ఓసీటీ4 జన్యువును పనిచేయకుండా చేసి, అది లేకపోతే పిండం సరిగా ఎదగదని ఆమె బృందం చూపింది. కొన్నేళ్లకు అదే బృందం ఆ సవరించిన పిండాల్లో క్రోమోజోమ్ పెద్ద ఎత్తున దెబ్బతిన్న ఆనవాళ్లు బయటపెట్టింది. దాదాపు అదే సమయంలో న్యూయార్క్‌లో డీటర్ ఎగ్లీ బృందం దాతల అండాలతో చేసిన పిండాల్లోనూ క్రోమోజోమ్ నష్టాన్ని చూసింది. సవరణ ఎంత ప్రమాదకరమో చెప్పే అతి ముఖ్యమైన హెచ్చరికల్లో ఒకటి మిగిలిన పిండాల నుంచి కూడా వచ్చిందన్నమాట.

మిగిలిన పిండాలకూ ఒక మచ్చ ఉంది. చికిత్స చేసే వైద్యుడే దానం అడిగితే కాదనడం కష్టం. పరిశోధనకు పనికొస్తాయని అవసరానికి మించి పిండాలు తయారుచేసే ప్రలోభమూ ఉంది. అడిగేవారు వేరు, చికిత్స చేసేవారు వేరు అయితే ఇందులో చాలావరకు పోతుంది.

మూడో దారులు రెండున్నాయి. 2015లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మానవ పిండాల సవరణ తొలి ప్రయోగానికి వాడినట్టు రెండు వీర్యకణాలతో ఫలదీకరించి ఎదగలేని పిండాలు ఒకటి. వాటి జన్యుక్రమమే అస్తవ్యస్తం, ఫలితాలను నమ్మలేం. మూలకణాలతో (స్టెమ్ సెల్స్) చేసే, పిండాన్ని పోలిన నమూనాలు రెండోది. వాటిలో ఫలదీకరణే జరగదు కాబట్టి ఈ ప్రశ్నకు అక్కరకు రావు.

ఫలదీకరణ క్షణంలోనే సవరణ చేస్తే తప్ప తేలని ప్రశ్న ఎదురైతే, పిండాలను సృష్టించడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ దానికి కొత్త స్త్రీకి ఇంజెక్షన్లు వేయనక్కర్లేదు. తన కోసం అండాలను శీతలీకరించి దాచుకుని, ఇక వద్దనుకున్నవారు ఉన్నారు. ఐవీఎఫ్‌లో పక్వానికి రాలేదని పక్కన పెట్టే అండాలూ ఉన్నాయి. వాటిని ప్రయోగశాలలో పక్వం చేస్తే అంత నాణ్యంగా ఉండవని పరిశోధకులు అంటారు. ఆ లోటును భరించాల్సింది ప్రయోగమే.