గుండ్రని అక్షరం చెక్కే యంత్రానికి ఏ డ్రైవరు మేలు?

పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ దుకాణం ముందు తగిలించే చెక్క పలకపై పేరును ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెక్కించుకునేవారు ఉన్నారు. ఆ పని కోసం చిన్న సీఎన్‌సీ రౌటరును, అంటే కంప్యూటరు చెప్పిన దారిలో కత్తిని నడిపి చెక్కే యంత్రాన్ని, ఇంట్లోనే కట్టుకోవాలనుకునే వడ్రంగులు, ఐటీఐ చదివిన కుర్రవాళ్లు ముందుగా ఎంత పెద్ద మోటారు కొనాలని అడుగుతారు. మోటారుకు కరెంటును విడతలుగా అందించి తిప్పే డ్రైవరు సంగతి చివరికి, చేతిలో మిగిలిన డబ్బును బట్టి తేలుతుంది. ఈ వరుసను తిరగవేయాలన్నది నా అభిప్రాయం.

మన రెండు లిపులూ గుండ్రనివి కావడం వల్ల ఈ విషయం మరింత ముఖ్యమవుతుంది. ఒడియా ‘ఠ’ అచ్చంగా సున్నా. వృత్తాన్ని కోసేటప్పుడు అడ్డంగా కదిలే ఎక్స్ అక్షం పూర్తి వేగంతో సాగుతున్న క్షణంలోనే ముందుకూ వెనక్కూ కదిలే వై అక్షం నెమ్మదించి, ఆగి, వెనుదిరుగుతుంది. పావు చుట్టు పూర్తయ్యేసరికి రెండింటి పాత్రలూ తారుమారవుతాయి. అంటే ప్రతి అక్షరంలోనూ ప్రతి మోటారూ అతి తక్కువ వేగంలో ఉండే కంపనాన్నీ, ఎక్కువ వేగంలో వచ్చే బలహీనతనూ పదేపదే దాటాలి. మోటారు మెట్టుమెట్టుగా తిరుగుతుంది; ఎక్కడైనా ఒక స్టెప్పు, అంటే ఒక మెట్టు, తప్పితే గీత మొదలైన చోటికి వచ్చి కలవదు. నిలువు, అడ్డ గీతలతో కూడిన లిపిలో కప్పిపుచ్చుకోగలిగిన లోపం ‘ఠ’లో దాగదు.

సాధారణంగా మన ముందుకు వచ్చేవి నాలుగు రకాలు: ఏ4988, టీఎంసీ2209, టీబీ6600, డీఎం542. మొదటి రెండూ బొటనవేలంత బోర్డులు, తర్వాతి రెండూ లోహపు తొడుగున్న పెట్టెలు.

ఏ4988 గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది 35 వోల్టుల వరకు తట్టుకుంటుంది, 2 ఆంపియర్లని కాగితం మీద ఉంటుంది. హీట్‌సింకు (వేడిని లాగేసే లోహపు రెక్కలు) లేకుండా ఒక ఆంపియరు దాటితే వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. పని నేర్చుకోవడానికి, పెన్నుతో బొమ్మలు గీసే యంత్రానికి సరిపోతుంది. టేకు చెక్కను కోయడానికి అది కాదు.

టీఎంసీ2209 అదే పరిమాణంలో ఉన్నా జాతి వేరు. స్టెప్పుల మధ్య ఖాళీని తనలో తానే 256 భాగాలుగా నింపుకుంటుంది కాబట్టి మోటారు దాదాపు చప్పుడు లేకుండా తిరుగుతుంది. అయితే దాని హద్దు 29 వోల్టులు, 2 ఆంపియర్లు; కాబట్టి 24 వోల్టుల సరఫరాతో, 42 మిల్లీమీటర్ల ముఖమున్న నీమా 17 మోటార్లకే దాన్ని వాడాలి. ఆ నిశ్శబ్దాన్నిచ్చే స్టెల్త్‌చాప్ పద్ధతిలో వేగం పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది కనుక, కోత పనికి స్ప్రెడ్‌సైకిల్ పద్ధతికి మార్చుకోవాలి. అప్పుడు మోటారు కొంత గుంయిమంటుంది. లేజరుతో చెక్కే తేలికైన యంత్రానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

అసలు పోటీ పెట్టెల మధ్యనే ఉంది. రౌటరు, దాన్ని మోసే అడ్డ దూలం (గ్యాంట్రీ) కలిపి లాగడానికి 57 మిల్లీమీటర్ల నీమా 23 మోటారు, అందులోనూ 2.8 లేదా 3 ఆంపియర్లది తీసుకోవడం పరిపాటి. దానికి డ్రైవరు ఎంత వోల్టేజీని ఇవ్వగలదన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. మోటారులోని రాగి చుట్టకు ఇండక్టెన్స్ ఉంటుంది, అందువల్ల కరెంటు ఒక్కసారిగా ఎక్కదు. 4 మిల్లీహెన్రీల చుట్టను తీసుకుందాం. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే బాల్‌స్క్రూ మీద నిమిషానికి 2000 మిల్లీమీటర్ల వేగంతో సాగితే మోటారు నిమిషానికి 400 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 200 స్టెప్పుల చొప్పున ఒక్కో పూర్తి స్టెప్పుకు దొరికే సమయం 0.75 మిల్లీసెకను. 12 వోల్టులతో 2.8 ఆంపియర్లకు చేరడానికి, ఇతర నష్టాలను పక్కన పెట్టినా, 0.93 మిల్లీసెకను పడుతుంది. అంటే కరెంటు నిండకముందే తర్వాతి స్టెప్పు వచ్చేస్తుంది. 24 వోల్టులతో 0.47, 36 వోల్టులతో 0.31 మిల్లీసెకను చాలు. ఇంకా పెద్ద మోటారు కొంటే ఇండక్టెన్స్ కూడా తరచుగా పెరుగుతుంది. తక్కువ వోల్టేజీ మీద అది చిన్న మోటారు కంటే ముందే చేతులెత్తేయవచ్చు. మోటారుకు పెట్టే డబ్బులో కొంత డ్రైవరుకు, సరఫరాకు మళ్లించమని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఈ కొలతతో చూస్తే టీబీ6600 పరిస్థితి మధ్యస్థం. అసలు టీబీ6600హెచ్‌జీ తోషిబా వారి గట్టి చిప్పు. కానీ ఆ పేరుతో దొరికే చిన్న పెట్టెల్లో చాలావాటిలో ఉండేది టీబీ67ఎస్109 అనే వేరే చిప్పు. పెట్టె మీది పట్టికలో 1/32 మైక్రోస్టెప్పు (ఒక స్టెప్పును 32 భాగాలు చేయడం) కనిపిస్తే లోపల అసలుది లేదని గ్రహించవచ్చు, ఎందుకంటే అసలు చిప్పు 1/16 వరకే విభజిస్తుంది. అది పనికిరాదని కాదు, పెట్టె మీద రాసిన 4 ఆంపియర్లను నమ్మరాదని మాత్రమే. నేను మొదట తెప్పించిన పెట్టెను 3.5 ఆంపియర్ల మీద పెట్టి ఒక జ్యేష్ఠమాసపు మధ్యాహ్నం పనిచేయిస్తే, అరగంట గడిచాక పలక మీది రెండో పంక్తి మొదటిదానికి పక్కకు జరిగి పడింది. కరెంటును 2.5కు తగ్గించి చిన్న ఫ్యాను బిగించాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. కాని మోటారుకు కావలసినంత బలమూ దక్కలేదు.

డీఎం542 పెట్టె 20 నుంచి 50 వోల్టుల వరకు తీసుకుంటుంది. స్విచ్చుల పట్టికలో కరెంటు గరిష్ఠ విలువనూ, ఆర్‌ఎంఎస్ (ఒక రకమైన సగటు) విలువనూ వేర్వేరుగా ఇస్తుంది: 3.76 అని ఉన్నచోట 2.69, 4.20 అని ఉన్నచోట 3.00. 2.8 ఆంపియర్ల మోటారుకు 3.76 గడి సరైనది. మొదటి అంకెను మాత్రమే చూసి తక్కువగా పెట్టుకుని, మోటారు బలహీనంగా ఉందని వాపోయినవారిని చూశాను. ఈ డ్రైవరు తక్కువ వేగంలోని కంపనాన్ని అణచే తీరు వల్ల ‘ఠ’ అంచు నునుపుగా వస్తుంది. దీన్ని 36 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ సరఫరా పెట్టెతో నడపడం మంచిది. 48 వోల్టులు పట్టికలో ఇమిడినా, బరువైన గ్యాంట్రీ ఒక్కసారి ఆగినప్పుడు మోటారు వెనక్కి పంపే విద్యుత్తు 50 హద్దును దాటించగలదు. ఈ పేరుకూ నకళ్లున్నాయని మరవకూడదు.

ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో కనిపించే మైక్రోస్టెప్పుల సంఖ్యకు నేను ఆఖరి స్థానమిస్తాను. 1/16లో ఒక్క మైక్రోస్టెప్పు అందించే అదనపు బలం మోటారు నిలుపు బలంలో పదో వంతు కూడా ఉండదు. పైగా ఆర్డ్యూయినో ఊనో అనే చిన్న బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ నియంత్రణ ప్రోగ్రాము డ్రైవరుకు సెకనుకు సుమారు 30,000 పల్సులే (ఒక్కో మైక్రోస్టెప్పుకు ఒకటి) పంపగలదు. పైన చెప్పిన స్క్రూ, వేగాలకే 1/32 పెడితే 42,000 దాటుతాయి. 1/8 పెడితే మిల్లీమీటరుకు 320 పల్సులు వస్తాయి. చెక్క పనికి అంతకు మించిన సూక్ష్మత కొయ్య పోగుల్లోనే కలిసిపోతుంది.

ఏ డ్రైవరైనా విద్యుత్తు ఉండగా మోటారు తీగను ఊడదీస్తే చెడిపోవచ్చనీ, కరెంటు పోయి వచ్చాక తానెక్కడ ఉన్నదీ దానికి గుర్తుండదనీ గమనించాలి. వానాకాలంలో మహేంద్రతనయ పొంగే రోజుల్లో సరఫరా నమ్మదగింది కాదు కనుక, ఇన్వర్టరు లేని చోట పెద్ద పలకలను రెండు మూడు భాగాలుగా చెక్కేలా ఫైలు చేసుకోవడం మేలు.

మూడు డీఎం542 పెట్టెలు కొనే స్తోమత లేనివారు ఎక్స్, వై అక్షాలకు రెండు కొని, చేతిలో ఉన్న టీబీ6600ను జెడ్ అక్షానికి 2.5 ఆంపియర్ల మీద వాడవచ్చు. జెడ్ పైకీ కిందికీ నెమ్మదిగానే కదులుతుంది. అక్కడ వోల్టేజీ కొరత అంతగా బాధించదు. ఒకే ఒక షరతు: రౌటరు బరువు మోయడానికి ఆ అక్షానికి చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపి, వేగంగా జారే లీడు స్క్రూ కాకుండా చుట్టుకు 2 మిల్లీమీటర్లు జరిపేది వేయండి. అప్పుడు కరెంటు పోయినా రౌటరు తన బరువుకు తాను కిందికి జారి పలకలో దిగబడదు.