వంటకు తొంభై మార్కులు, వడ్డనకు నలభై: ఒక రిసెప్షన్ స్నాక్స్ సమీక్ష

మా చెల్లెలి రిసెప్షన్‌కు భోజనాలు ఒకరికి, భోజనానికి ముందు అతిథులు నిలబడి మాట్లాడుకుంటూ తినే స్నాక్స్ వేరొకరికి అప్పగించాం. ఈ సమీక్ష ఆ రెండో క్యాటరింగ్ వారి గురించి. వంట విషయంలో వారిని వేలెత్తి చూపే అవకాశం పెద్దగా లేదు. అయినా ఆ సాయంత్రం హాల్లో చాలా మందికి ఆ వంట రుచే తెలియలేదు. వంటగది తలుపు నుంచి అతిథి చేతి వరకు ఉన్న దూరాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే అందుకు కారణం.

ముందుగా ఏర్పాటు చెబుతాను. అతిథులు 200 మంది, స్నాక్స్ వడ్డించే సమయం గంటన్నర, ఆ తరువాత పూర్తి భోజనం. భోజనం ఎలాగూ ఉంది కనుక మనిషికి 6 ముక్కల చొప్పున 1,200, మీదు మిక్కిలి మరో 120 కలిపి మొత్తం 1,320 చేయమన్నాం. భోజనం లేకుండా వీటితోనే కడుపు నింపాలంటే మనిషికి పది పన్నెండు కావాలని, అప్పుడు మెనూ కూడా బరువైన రకాల వైపు మారాలని వారే చెప్పారు. మేము ఇరవై రకాల పట్టికతో వెళితే దాన్ని ఆరుకు తగ్గించింది కూడా వారే: నాలుగు శాకాహారం, రెండు మాంసాహారం, మొత్తం ఆరింటిలో సగం చల్లగా వడ్డించేవి. రకాలు పెరిగిన కొద్దీ వంటగదిలో చేతులు చాలవని, ఒక్కొక్కటీ అరకొరగా తయారవుతుందని ఆ నిర్వాహకుడు విడమరిచి చెప్పిన తీరు నాకు నచ్చింది. ఎక్కువ అమ్ముకునే అవకాశాన్ని వదులుకుని తక్కువ చాలని చెప్పే వ్యాపారి ఎక్కడో గానీ కనిపించడు.

రుచి చూడటానికి పిలిచినప్పుడు, అలవాటు ప్రకారం కుర్చీ వేసి, ప్లేటులో ఆరు రకాలూ వేడివేడిగా పెట్టారు. నేను లేచి నిలబడి, ఎడమ చేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని, ఇరవై నిమిషాలు ఆగి తింటానన్నాను. నిర్వాహకుడు మొదట నవ్వాడు గానీ, ఆ ఇరవై నిమిషాల్లో రెండు రకాల బండారం బయటపడింది. స్ప్రింగ్ రోల్‌ను సగం కొరకగానే మిగతా సగంలోంచి సాస్ మణికట్టు మీదికి కారింది. చీజ్, టొమాటో గుచ్చిన పుల్ల ఎంత పొడవుందంటే చివరి ముక్క కోసం మెడ పక్కకు వంచాల్సి వచ్చింది. పెళ్ళి బట్టల్లో, నలుగురి మధ్య, ఒక చేత్తో తినాల్సిన పదార్థం ఒకటి రెండు కొరుకుళ్ళలో అయిపోవాలి. స్ప్రింగ్ రోల్ తీసేసి బంగాళదుంప క్రోకెట్లు (పైన కరకరలాడేలా వేయించిన చిన్న ఉండలు) పెట్టారు, పుల్ల పొడవు తగ్గించారు. చెప్పిన మాట వినడంలో వీరికి పూర్తి మార్కులు వేస్తాను.

ఆ రోజు అన్నిటికన్నా మిన్నగా కుదిరినవి పుట్టగొడుగుల టార్ట్‌లు. పిండితో చేసిన చిన్న గిన్నెలను ముందే కాల్చి, గాలి తగలని డబ్బాల్లో తెచ్చారు. పుట్టగొడుగుల మిశ్రమాన్ని వేరే గిన్నెలో వేడిగా ఉంచి, ట్రే బయలుదేరే ముందు మాత్రమే చెంచాతో నింపారు. ముందే నింపి తెస్తే లోపలి తడి పిండిలోకి దిగి, చేత్తో పట్టుకోగానే అడుగు ఊడిపోయేది. ఇక్కడ కొరికితే పెళుసుగా విరిగింది. కీర దోసకాయ శాండ్‌విచ్‌లలోనూ ఇదే జాగ్రత్త కనిపించింది: ముక్కలకు ఉప్పు రాసి నీరు వార్చారు, రొట్టెకు అంచుల దాకా పల్చగా వెన్న పూశారు. వెన్న పూత ఉంటే దోసకాయ నీరు రొట్టెలోకి ఇంకదు. కోసిన శాండ్‌విచ్‌ల మీద తడి గుడ్డ కప్పి ఉంచారు కనుక అంచులు ఎండి పైకి లేవలేదు.

క్రోకెట్ల దగ్గర మాత్రం తప్పటడుగు వేశారు. వేయించిన వెంటనే స్టీలు డబ్బాలో ఒకదానిపై ఒకటి పేర్చి మూత పెట్టారు. వేడి నిలవాలన్నది వారి ఉద్దేశం. వేడి నిలిచింది, దాంతో పాటు ఆవిరి కూడా లోపలే నిలిచి కరకరలాడే పైపొర మెత్తబడింది. తీగల జాలీ మీద విడివిడిగా ఆరబెట్టి, రెండు విడతలుగా వేయించి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

ఇక అసలు విషయం వడ్డన. పాతిక మందికి ఒకరి చొప్పున 8 మంది ట్రేలు పట్టుకుని తిరుగుతారని నోటిమాటగా చెప్పారు. వచ్చింది 5 మంది. మిగిలిన ముగ్గురు దారిలో ఉన్నారని చివరి దాకా చెబుతూనే ఉన్నారు. ముగ్గురు తగ్గితే ఏమవుతుందిలే అని మొదట నేనూ సరిపెట్టుకున్నాను. తరువాత కూర్చుని లెక్క వేస్తే విషయం అర్థమైంది. ఒక ట్రేలో 24 ముక్కలు పడతాయి. మొత్తం 1,320 ముక్కలకు 55 ట్రేలు తిరగాలి. ప్రతి గుంపు దగ్గరా ఆగుతూ హాలంతా ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు 13 నిమిషాలు పడుతుంది, అంటే గంటన్నరలో ఒక మనిషి ఏడు ట్రేల కంటే ఎక్కువ తిప్పలేడు. 8 మంది ఉంటే 56 ట్రేలు, సరిగ్గా సరిపోతుంది. 5 మంది తిప్పగలిగేది 35. మిగిలిన 20 ట్రేలు, అంటే 480 ముక్కలు, ఎంత బాగా వండినా వంటగది దాటి రావు.

జరిగింది కూడా అదే. పైగా ట్రేలు తలుపు దాటగానే అక్కడ కాపు కాసిన కుర్రవాళ్ళు చుట్టుముట్టేవారు (మా పిన్ని కొడుకు తొమ్మిది టార్ట్‌లు తిన్నానని గర్వంగా చెప్పుకున్నాడు), హాలు మధ్యకు వచ్చేసరికి ట్రేలో అలంకరణ ఆకులు మాత్రమే మిగిలేవి. అవతలి గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్ళ దాకా మొదటి ముప్పావు గంటలో ఒక్క ట్రే కూడా వెళ్ళలేదు. లేచి వెళ్ళి తెచ్చుకోలేని వారికే ముందుగా అందాలన్నది వడ్డించేవారికి ఎవరూ చెప్పలేదు. హాలును భాగాలుగా విడదీసి ఒక్కొక్కరికి ఒక్కో భాగం అప్పగించినా, ఆ మూల ఒక చిన్న బల్ల వేసి చల్లని రకాలు పెట్టినా, ఆ అయిదుగురితోనే చాలా వరకు నెట్టుకొచ్చేవారు.

మా మేనత్త చివరికి ఒక చీజ్ పుల్ల సంపాదించారు. తిన్న తరువాత ఆ పుల్లను ఎక్కడ వేయాలో తోచక, మొన తన చీరకు గుచ్చుకోకుండా పట్టుకుని పావుగంట సేపు వచ్చినవారిని పలకరించారు. ఆ తరువాత చుట్టూ చూసి మెల్లగా పూలకుండీలో గుచ్చేశారు. దగ్గరికి వెళ్ళి చూద్దును గదా, ఆ కుండీలో అప్పటికే ఏడెనిమిది పుల్లలు నాటి ఉన్నాయి. పుల్ల గుచ్చిన పదార్థం పంపే ట్రేలోనే ఖాళీ పుల్లలకు ఒక గిన్నె ఉండాలి, పేపర్ నాప్‌కిన్లు మనిషికి రెండు మూడైనా లెక్కగట్టాలి. గిన్నెలు లేనే లేవు, నాప్‌కిన్లు అరగంటలో అయిపోయాయి.

ఇంకొకటి నవ్వి వదిలేసే విషయం కాదు. బాదం, జీడిపప్పు పడని పిల్లవాడు ఒకడు వస్తున్నాడని వారం ముందే చెప్పాను. ఒక శాండ్‌విచ్‌లోని పెస్టోలో (ఆకులు, గింజలు నూరి చేసే పచ్చడిలో) జీడిపప్పు ఉందని వారి మెనూ కాగితంలోనే ఉంది. కానీ పిల్లవాడి తల్లి ట్రే పట్టుకున్న అబ్బాయిని అడిగితే, "ఉండకపోవచ్చండి" అన్నాడు. పక్కనే ఉన్నాను కనుక ఆపగలిగాను. వంటగదికి తెలిసిన విషయం ట్రే పట్టుకున్న మనిషికి తెలియకపోతే ముందుగా చెప్పి ఏం ప్రయోజనం? గింజలు, పాలు, గుడ్లు, గోధుమ, నువ్వులు దేనిలో ఉన్నాయో రాసిన చిన్న చీటీ ట్రే అంచున ఉంటే సరిపోయేది. తెలియనప్పుడు "కనుక్కుని చెబుతాను" అనడం కూడా వారికి నేర్పాలి.

భోజనాలు మొదలయ్యాక మిగిలినవి కట్టిస్తామన్నారు. పండ్ల ముక్కలు, ఖాళీ టార్ట్ గిన్నెలు తీసుకుని, చికెన్ పుల్లలు, మయొనైజ్ వేసిన శాండ్‌విచ్‌లు పారేయించాను. వేడివి 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉండాలి. ఆ రెంటి నడుమ రెండు గంటలకు మించి ఉన్నవాటిని ఇంటికి తీసుకెళ్ళడం మంచిది కాదు. అవి బల్ల మీదికి వచ్చి అప్పటికే రెండున్నర గంటలైంది. నిర్వాహకుడు కాసేపు నొచ్చుకున్నాడు గానీ, కాదనలేదు.

లెక్కలు తేల్చుకునేటప్పుడు, రాని ముగ్గురి కూలి తగ్గించమంటే వాదించకుండా తగ్గించాడు. ఒప్పంద పత్రం తీసి చూస్తే అందులో ముక్కల సంఖ్య ఉంది, రకాల పేర్లు ఉన్నాయి, నాప్‌కిన్ల రంగు కూడా ఉంది, వడ్డించే మనుషుల సంఖ్య మాత్రం ఎక్కడా లేదు. మా ఆఫీసులో ఒకావిడ తన కూతురి పెళ్ళికి వీరి నంబరు అడిగితే ఇచ్చాను. టార్ట్‌లు తప్పకుండా పెట్టించుకోమని, మనుషుల సంఖ్యను పత్రంలో రాయించుకుని, వేడుక మొదలయ్యే గంట ముందు వంటగదిలోకి వెళ్ళి తలలు లెక్కపెట్టుకోమని చెప్పాను.