కార్బన్ బానెట్టా, ఫైబర్ బానెట్టా, రిమ్ములా?

"అన్నా, స్విఫ్ట్‌కి కార్బన్ బానెట్ వేయిస్తే పికప్ పెరుగుతుందా?" వారానికి ఒకరైనా అడుగుతున్నారు. (కార్బన్ అంటే ఇక్కడ కార్బన్ ఫైబర్, కార్బన్ పోగుల గుడ్డని రెసిన్‌తో గట్టిపరిచింది.) ఈమధ్యే నా బండికి ఈ లెక్కంతా వేసుకున్నాను కాబట్టి రాస్తున్నా.

ఫైబర్ అంటే ఫైబర్‌గ్లాస్, గాజు పోగులు, రెసిన్ కలిపి చేసేది. అది చవక. స్టీలుతో పోలిస్తే బరువు బాగానే తగ్గుతుంది. కానీ అంచుల దగ్గర గ్యాప్ సరిగ్గా కుదరదు. పుట్టీతో సర్దుతారు, ఆ పుట్టీ బరువు మళ్లీ బండి మీదే. బానెట్‌ని పైనుంచి బిగించి పట్టే పిన్నులు తప్పనిసరి, లేదంటే హైవే మీద గాలికి లేచి అద్దానికి కొట్టే ప్రమాదం ఉంది.

అసలైన కార్బన్ ఇంకా తేలిక, గట్టిది కూడా. కాకపోతే ఆ పేరుతో అమ్మేవాటిలో పైన ఒక్క పొర కార్బన్ గుడ్డ వేసి, కింద మామూలు ఫైబర్‌గ్లాస్ పెట్టినవీ ఉంటాయి. కొనేముందు తిరగేసి అడుగు భాగం చూడండి.

సరే, 6 కిలోలు తగ్గాయే అనుకుందాం. 8 లీటర్ల పెట్రోలు బరువు అంతే! ట్యాంకు సగమే కొట్టిస్తే అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది.

నా దృష్టిలో ఎంత తగ్గిందన్నదానికంటే ఎక్కడ తగ్గిందన్నదే ముఖ్యం. బీఎండబ్ల్యూ వాళ్లు ఎం3 సీఎస్ఎల్ అనే స్పోర్ట్స్ కారుకి రూఫే కార్బన్‌తో చేశారు. పైన బరువు తగ్గితే మలుపుల్లో బండి తక్కువ ఒరుగుతుంది. మన బడ్జెట్‌లో అలాంటి చోటు చక్రమే. ఇంజిను దాన్ని ముందుకు లాగడమే కాదు, తిప్పాలి కూడా. పైగా స్ప్రింగుల కింది బరువు (చక్రాలు, బ్రేకుల్లాంటివి) తగ్గితే గతుకుల్లో టైరు రోడ్డును వదలదు.

అయితే అల్లాయ్ అనగానే తేలిక అనుకోకండి. లగేజీ తూచే స్కేలు పట్టుకుని షాపుకి వెళ్లాను. నా 14 అంగుళాల స్టీలు రిమ్ము 7 కిలోల చిల్లర. "చాలా లైట్ సార్" అని చూపించిన 16 అంగుళాల కాస్ట్ అల్లాయ్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసింది) 9 దాటింది. షాపాయన స్కేలు వైపోసారి, నావైపోసారి చూసి టీ చెప్పాడు. చివరికి 15 అంగుళాల ఫ్లో ఫార్మ్‌డ్ రిమ్ములు (అచ్చు పోశాక అంచుని వేడిమీద రోలర్లతో ఒత్తి పలచన చేసినవి) తీసుకున్నా, ఒక్కోటి 6 లోపే. లోహాన్ని భారీ ఒత్తిడితో నొక్కి చేసే ఫోర్జ్‌డ్‌వి ఇంకా తేలికే గానీ ధర విని ఊరుకున్నా.

ఫైబర్ డోర్లు రోడ్డు బండికి వద్దే వద్దు, పక్కనుంచి గుద్దితే కాపాడే బీమ్ పోతుంది. ప్లాస్టిక్ అద్దాలు ట్రాక్ బండ్లకే. ఏది మార్చినా బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఓసారి చూసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి.

స్టెప్నీ తీసేస్తే పైసా ఖర్చు లేకుండా పది కిలోలకు పైనే తగ్గుతుందని ఒక మిత్రుడి సలహా. నార్కట్‌పల్లి దాటాక రాత్రి పంక్చరైతే ఆయనకే ఫోన్ చేస్తా.