వానల లెక్కలకు జేసన్‌లైట్

వర్షపాతం లెక్కలు చూసే పని నాది. కేంద్రాల నుంచి వివరాలు జేసన్ (డేటాను పాఠంగా రాసే ఒక పద్ధతి) రూపంలో వస్తాయి, విశ్లేషణంతా గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో సాగుతుంది. రెంటికీ మధ్య వంతెన జెరోన్ ఊమ్స్ రూపొందించిన జేసన్‌లైట్ ప్యాకేజీ. అది లేకుండా నాకు పూట గడవదు.

జేసన్‌ను చదివే దాని ఫంక్షన్ ఫ్రమ్‌జేసన్‌కు ఫైలు అందిస్తే చాలు, రికార్డులన్నీ చక్కని డేటాఫ్రేమ్‌గా, అంటే పట్టికగా, చేతికొస్తాయి. ఒక కేంద్రం ఆ రోజు ఉష్ణోగ్రత పంపకపోతే ఆ గడిలో ఎన్ఏ (విలువ లేదనే గుర్తు) పడుతుంది, మిగతా వరుసలు చెదరవు. తెలుగులో ఉన్న ఊళ్ల పేర్లు ఒక్క గుణింతం కూడా పోకుండా వస్తాయి. ఎంత హాయో!

జాగ్రత్తంతా తిరుగు ప్రయాణంలోనే. మనం ఏమీ చెప్పకపోతే, ఆర్ డేటాను మళ్లీ జేసన్‌గా మార్చే టుజేసన్ ఫంక్షన్ దశాంశాలను 4 స్థానాలకే కుదిస్తుంది. 17.385044 అనే అక్షాంశం 17.385 అయిపోతుంది. నేలమీద అది దాదాపు 5 మీటర్లు. వానమాపకం గోడ అవతలికి జరిగినట్టే. గరిష్ఠ ఖచ్చితత్వం కోసం, దశాంశ స్థానాలను నిర్ణయించే డిజిట్స్‌కు ఎన్ఏ అని ఇవ్వడం ఎప్పుడూ మరవకండి.

ఇంకొకటి. ఆర్‌లో ఒంటరి విలువ కూడా వెక్టరే (విలువల వరుసే) కాబట్టి, "వరంగల్" అని పంపితే ["వరంగల్"] అని బయటికి వస్తుంది. చాలామంది వెంటనే, ఒంటరి విలువలన్నిటి చుట్టూ ఉన్న బ్రాకెట్లను తీసేసే ఆటో_అన్‌బాక్స్ పెట్టేస్తారు. నాకది నచ్చదు. వాన పడిన ఊళ్ల జాబితాలో ఏదో ఒక రోజు ఒకే ఊరు మిగిలితే, జాబితా కాస్తా విడి పదంగా మారి అవతలి ప్రోగ్రాము ఆగిపోతుంది. కావలసిన చోట మాత్రమే, ఒక్కో విలువకు విడిగా బ్రాకెట్లు తీసే అన్‌బాక్స్ వాడుతాను.